ఎక్స్‌ప్రెస్ ఎక్కిన సకినాల డబ్బా

మా పెద్దబాపుకు చేతిగడియారం ఉంది గానీ, దాంతో ఆయనకు ఎన్నడూ పని పడలేదు. కాజీపేట నుంచి బల్లార్షా దాకా ప్యాసింజర్ ఎక్కడ ఎప్పుడు ఆగుతుందో, ఏ స్టేషన్‌లో పక్క పట్టా మీదికి తప్పుకొని జీటీ ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇస్తుందో అంతా నోటికే. స్టేషన్ పేరు చివర 'రోడ్' అని ఉంటే ఊరు ఇంకా రాలేదని అర్థమని నాకు చిన్నప్పుడే నేర్పాడు. హసన్‌పర్తి రోడ్, ఆసిఫాబాద్ రోడ్ ఏదో సర్దుకోవచ్చు. భద్రాచలం రోడ్ మాత్రం కొత్తగూడెంలో ఉంది. అక్కడ దిగి రాముడెక్కడ అంటే ఇంకో 40 కిలోమీటర్లు చూపిస్తారు.

అలాంటి పండితుణ్ణి 2021లో ఓ పెళ్లికి తీసుకుపోవడం నా వంతయింది. జమ్మికుంట దాటినంక వచ్చే ఒక చిన్న స్టేషన్ పక్కనే పెళ్లి. మా వదిన నూనె డబ్బా నిండా సకినాలు పేర్చి, పైన పాత చీర ముక్క కట్టి ఇచ్చింది.

"బస్సుల పోండ్రి మామా" అంది.

"బస్సు గతుకులకు సకినాలు ఆగుతయా బిడ్డా? ప్యాసింజర్ల పోతే ఒక్కటి ఇరగదు."

కాజీపేటలో ఆయన ఊరి పేరు చెబితే, కౌంటర్‌లోని పిల్లవాడు కంప్యూటర్‌లో రెండుసార్లు కొట్టి చూసి, "పెద్దపల్లికి ఇయ్యాల్నా?" అన్నాడు. నాకు అక్కడే తెలివి రావాల్సింది. "కొత్త పిలగాడు, ఊర్లు ఎరుక లేవు పాపం" అని పెద్దబాపు జాలిపడి, పెద్దపల్లికే తీసుకున్నాడు. అట్ట టికెట్ల కాలంలో ఇలాంటి గొడవే లేదట. మన ఊరి పేరు అచ్చుగుద్ది ఉండేది, దాని మీద తేదీ టక్కున కొట్టి ఇచ్చేవాళ్లు.

జమ్మికుంట దాటగానే ఆయన లేచాడు. కండువా నడుముకు చుట్టి, డబ్బా రెండు చేతుల్తో ఎత్తుకొని తలుపు దగ్గర నిలబడ్డాడు. "గా చింతచెట్టు రానీ, బ్రేకు ఏస్తడు" అన్నాడు. చింతచెట్టు వచ్చింది, పోయింది. "చెరువు కట్ట కాడ ఏస్తడు." కట్ట కూడా పోయింది. గేటు దగ్గర మాత్రం ఆయన మాట్లాడలేదు.

పసుపు బోర్డు ఒకటి కళ్లముందు నుంచి సర్రున జారింది. టికెట్ కిటికీకి ఇటుకలు పెట్టి మూసేశారు, బెంచీ మీద రెండు మేకలున్నాయి. ఆ వెనకే మా పెళ్లి పందిరి. బ్యాండు వినపడింది, విస్తర్లు వేస్తున్నవాళ్లు కూడా కనపడ్డారు. ఎవరో మమ్మల్ని గుర్తుపట్టి చెయ్యి ఊపారు. పెద్దబాపు తిరిగి ఊపబోయాడు. డబ్బా జారి తలుపు గడియకు తగిలి, అక్కడి నుంచి నా కాలి మీద పడింది.

"గార్డు మర్చిపోయిండు!"

"మర్చిపోలే తాతా, ఇది ఎక్స్‌ప్రెస్ అయింది. ఈడ ఆగదు" అన్నాడు పక్కన నిలబడ్డ కుర్రాడు.

2020 మార్చిలో లాక్‌డౌన్‌కు నిలిచిన ప్యాసింజర్లు మళ్లీ వచ్చేటప్పుడు చాలావరకు ఎక్స్‌ప్రెస్ పేరుతో వచ్చాయి. 10 రూపాయల కనీస చార్జీ 30 అయింది, కొన్ని చిన్న స్టేషన్లలో ఆగడం మానేశాయి. చార్జీ 2024లో మళ్లీ 10కి దిగింది గానీ, అప్పటికి మాకేం లాభం? పెద్దబాపు మాత్రం బోగీ అంతా ఒకసారి కలియజూశాడు.

"అదే బల్ల, అదే తిరగని ఫ్యాను. ఎక్స్‌ప్రెస్ ఎట్లయితదిరా?"

"నంబరు మార్చిండ్రు తాతా."

"నంబరు మారిస్తే ఉరుకుతదా?"

ఉరికింది కదా, కళ్లముందే. ఆ మాట నేను అనలేదు. నా కాలు అప్పటికే వాచింది.

పెద్దపల్లిలో దిగి, వచ్చిన దారినే ఆటోలో వెనక్కి పోయాం. బస్సుల గతుకులు వద్దనుకున్నాం కదా, అన్నీ ఆటోలోనే వచ్చాయి. అడిగినంత ఇచ్చి పందిట్లో అడుగుపెట్టేసరికి తలంబ్రాలు అయిపోయి, రెండో బంతి లేస్తోంది.

పెళ్లికూతురి తల్లి డబ్బా మీది గుడ్డ విప్పింది. ఒక్క చుట్టూ లేదు. చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు నూకలు, నాలుగు నువ్వులు తీసింది. కొంచెంసేపు వాటినే చూసి, "ఏం బండిల అచ్చిండ్రే అన్నా?" అంది.

పెద్దబాపు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఎక్స్‌ప్రెస్‌ల."