తరం సంఖ్య చూసి పిస్టల్ కొనకండి

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లలో పౌరసత్వమో గ్రీన్ కార్డో వచ్చాక ఇంటి రక్షణకని పిస్టల్ కొనాలనుకునేవాళ్లు నాకు తరచుగా తారసపడుతున్నారు. అటు తిరిగి ఇటు తిరిగి చాలామంది గ్లాక్ 19 అనే మోడల్ దగ్గరే ఆగుతారు. కంపెనీ దాన్ని ఎప్పటికప్పుడు మార్చి మూడో తరం, నాలుగో తరం, ఐదో తరం అంటూ తెచ్చింది. కొత్తది ఖరీదని వాడినదాని కోసం వెతుకుతారు. తంటా అక్కడ మొదలవుతుంది. "అన్నా, మూడో తరానిది ఒకటి దొరికింది. ఇంకో నూటయాభై డాలర్లు పెడితే ఐదో తరం వస్తుందట. ఏది తీసుకోమంటావు?" అని అడుగుతారు. నేను నోరు తెరిచేలోపే పక్కన ఉన్నవాళ్లలో ఎవరో ఒకరు "పాతది ఎవరైనా కొంటారా, కొత్తదే తీసుకో" అని తేల్చేస్తారు.

నాకు ఒళ్లు మండేది ఆ మాటకే. ఫోనుకు చెల్లే లెక్కను తెచ్చి పిస్టల్‌కు అంటగడుతున్నారు. ఫోనును కొన్నేళ్లకు కంపెనీయే వదిలేస్తుంది, యాప్‌లు నడవడం మానేస్తాయి. 2005లో తయారైన గ్లాక్ 19కి అలాంటి గడువు ఏదీ లేదు. ఈ రోజు దుకాణంలో కొన్న 9 ఎంఎం తూటానే అదీ కాలుస్తుంది, ఐదో తరానికి చేసిన మ్యాగజైన్ (తూటాలు నింపి పిడిలో దూర్చే డబ్బా) కూడా అందులో చక్కగా కూర్చుంటుంది. విడిభాగాలకు కొరత లేదు. అలాంటి పిస్టల్‌ను కేవలం సంఖ్య చిన్నదని పక్కన పెట్టేయడం డబ్బు దండగ చేసుకోవడమే.

ధరల సంగతి ఎత్తేముందు ఒక మాట తప్పనిసరిగా చెప్పాలి. ఎఫ్-1, హెచ్-1బి లాంటి వలసేతర వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఇక్కడి ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, అవి మీకు వర్తిస్తాయో లేదో చెప్పాల్సింది న్యాయవాది. పక్కనున్న స్నేహితుడు కాదు. దుకాణంలో నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్న సూటిగా ఉంటుంది, అక్కడ అబద్ధం రాయడం వేరే నేరం. ఏళ్ల తరబడి కష్టపడి నిలబెట్టుకున్న వీసా ఒక ఆదివారం సరదా ఫొటోతో ప్రమాదంలో పడుతుంది. షూటింగ్ రేంజ్‌లో తుపాకీ పట్టుకుని దిగిన ఫొటోలను మన విద్యార్థులు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంటే చూసి నాకు గుండె జారిపోతుంది. ఇంట్లో ఒకరికి గ్రీన్ కార్డు ఉండి, జీవిత భాగస్వామి ఇంకా వీసా మీదే ఉంటే ఆ పిస్టల్ ఎవరి అందుబాటులో ఉందన్నది కూడా ప్రశ్నే. కొనకముందే న్యాయవాదిని అడగండి.

ఇక తరాల విషయానికి వద్దాం. ఆస్ట్రియాలో డాయిచ్-వాగ్రామ్ అనే ఊళ్లో గాస్టన్ గ్లాక్ తయారు చేసిన పిస్టల్‌ను ఆ దేశ సైన్యం 1982లో ఎంచుకుంది. అది గ్లాక్ 17. దాన్ని కాస్త కుదించి 1988లో తెచ్చింది గ్లాక్ 19. బ్యారెల్ (తూటా బయటికి వెళ్లే గొట్టం) 102 మిల్లీమీటర్లు, మ్యాగజైన్‌లో 15 తూటాలు. అప్పటి నుంచి ఈ కొలతలు దాదాపు అలాగే ఉన్నాయి. మూడో తరం 1990ల చివర్లో వచ్చింది. పిడి ముందువైపు వేళ్లు ఇమడడానికి గాళ్లు, బ్యారెల్ కింద లైటు తగిలించుకునే పట్టా దానితో వచ్చాయి. 2010లో వచ్చిన నాలుగో తరంలో పిడి వెనక మార్చుకునే తొడుగులు, రెండు పొరల రీకాయిల్ స్ప్రింగు (కాల్చినప్పుడు వెనక్కి జారిన పైభాగాన్ని, అంటే స్లైడును, తిరిగి ముందుకు నెట్టేది), ఎటువైపుకైనా మార్చుకోగల మ్యాగజైన్ ఊడదీసే బొత్తాం చేరాయి. 2017లో వచ్చిన ఐదో తరం వేళ్ల గాళ్లు తీసేసింది, స్లైడు ఆపే మీటను రెండు వైపులా పెట్టింది, బ్యారెల్ లోపలి మెలికలను మార్చింది, మ్యాగజైన్ దూర్చే నోటిని కొంచెం వెడల్పు చేసింది, ట్రిగ్గర్ లోపలి అమరికను చాలావరకు కొత్తగా కట్టింది. మొదటి రెండు తరాలు సేకరించేవాళ్ల సరుకు, ఇంటికి కొనేవాళ్లు వాటి జోలికి పోనక్కర్లేదు.

ఈ మార్పుల్లో మీకు నిజంగా తేడా తెచ్చేవి ఏవి అంటే, నా లెక్కలో అన్నిటికంటే ముందు పిడి. మూడో తరం గాళ్లు ఎవరో ఒక సగటు మనిషి వేళ్లకు కొలిచి చేసినవి. మీ వేళ్లు ఆ కొలతకు కుదిరితే అది చేతిలో అతుక్కుపోయినట్టు ఉంటుంది, కుదరకపోతే నరకం. నా చేతికి అవి సరిగ్గా సరిపోతాయి. మా ఆవిడ వేళ్లు సన్నవి, పొట్టివి. రెండు గాళ్ల మధ్య ఉండే గట్టు సరిగ్గా ఆమె మధ్యవేలి కణుపు కిందికి వస్తుంది. ఒక పెట్టె తూటాలు కాల్చేసరికి అక్కడ చర్మం ఎర్రగా కందిపోయింది, ఆ నొప్పికి ప్రతిసారీ పట్టు వదులై గురి కిందికి జారింది. అదే రేంజ్‌లో అద్దెకు తీసుకున్న నాలుగో తరానిది, వెనక తొడుగు ఏదీ లేకుండా ఇస్తే, హాయిగా పట్టుకుంది. నాలుగో తరానికీ గాళ్లు ఉన్నాయి, కానీ తొడుగు తీసేస్తే ట్రిగ్గర్‌కు దూరం మూడో తరం కంటే సుమారు రెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది. రెండు మిల్లీమీటర్లంటే కాగితం మీద ఏమీ కాదు, చిన్న చేతికి అదే సర్వం. ఆమె కోసం కొనేటప్పుడు గాళ్లే లేని ఐదో తరం సరైనదని నేను ఒప్పుకుంటాను. అదే నా కోసమైతే పైసా ఎక్కువ పెట్టను.

కాబట్టి కౌంటర్ దగ్గర చేయాల్సిన మొదటి పని ధర అడగడం కాదు. దుకాణం అతన్ని ఖాళీ చేసి చూపించమని, మీరూ చూసి, స్లైడు వెనక్కి లాగి ఛాంబర్‌లో (కాల్చబోయే తూటా కూర్చునే చోట) వేలు పెట్టి తడిమి, ఎవరూ లేని వైపు తిప్పి పట్టుకోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న చర్మం పిడి పైఅంచు కిందికి పూర్తిగా చేరాలి. బ్యారెల్ మీ ముంజేతి గీతలో ఉండగానే చూపుడువేలి మొదటి కణుపు ముందున్న మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదకు రావాలి. మణికట్టు పక్కకు తిప్పితే తప్ప అందడం లేదంటే ఆ తరం మీది కాదు, ఎంత చవకైనా వదిలేయండి.

ఎడమచేతి వాటం ఉన్నవాళ్లతో నేను వాదన పెట్టుకోను. వాళ్లకు ఐదో తరమే. స్లైడు మీట రెండు వైపులా ఉండటం వాళ్లకు రోజూ పనికొచ్చే సౌకర్యం. ఒక్కటి గుర్తుంచుకోండి: మ్యాగజైన్ బొత్తాన్ని కుడివైపుకు మార్చుకుంటే మూడో తరం నాటి పాత మ్యాగజైన్లు అందులో నిలవవు, వాటికి అటువైపు గాడి ఉండదు. రెడ్ డాట్ (గురి చోట ఎర్రటి చుక్క చూపించే చిన్న అద్దం) పెట్టుకోవాలని ముందే గట్టిగా అనుకున్నవాళ్లు కూడా దానికి వీలుగా స్లైడు కోసి వచ్చిన ఎంఓఎస్ రకాన్నే చూసుకోవడం మంచిది. మూడో తరం స్లైడును తర్వాత కోయించడానికి అయ్యే ఖర్చుతో ధరలో తేడా ఆవిరైపోతుంది.

ఈ రెండు కోవల్లోకీ రానివాళ్లకు నేను చూపించేది పోలీసు శాఖలు వాడి, కొత్తవి తీసుకుని వదిలేసిన నాలుగో తరం పిస్టళ్లు. పోలీసు పిస్టల్ రోజంతా నడుము మీద ఒరలో ఉంటుంది గానీ అంతగా కాలదు. అందుకే స్లైడు మూతి దగ్గర, అంచుల వెంట నలుపు పోయి తెల్లగా కనిపిస్తుంది, లోపల మాత్రం కొత్తదానిలా ఉంటుంది. పై రంగు చూసి జనం ముఖం తిప్పుకుంటారు, ధర తగ్గేది అందుకే. నేను ఇక్కడి దుకాణాల్లో చూస్తున్న ధరలైతే ఇవి నాలుగు వందల డాలర్లకు అటూ ఇటూ, కొత్త ఐదో తరం ఐదున్నర వందల పైమాటే. వీటిలో చాలావాటికి గురి చూసే చోట చీకట్లో వెలిగే ట్రిటియం చుక్కలు ఉంటాయి, అమ్మేవాళ్లు దాన్ని గొప్పగా చెబుతారు. ట్రిటియం వెలుగు సుమారు 12 ఏళ్లకు సగానికి పడిపోతుంది. అరచేతుల మధ్య చీకటి చేసి చూడండి, చుక్కలు మసకగా ఉంటే ఆ మేరకు ధర తగ్గించమనండి.

ఒక్కో పిస్టల్‌ను విడిగా చూడాలని ఇంత పట్టుపట్టేది ఎందుకంటే, తరం మంచిదైనా చేతిలో ఉన్నది చెడ్డది కావచ్చు. ఫ్రేము (పిడితో కలిసిన కింది భాగం) కింద ఉండే చిన్న ఉక్కు పలక మీద, స్లైడు మీద, బ్యారెల్ మీద ఒకే క్రమసంఖ్య ఉండాలి. వేర్వేరుగా ఉంటే ఎవరో భాగాలు మార్చారని అర్థం, ఎందుకు మార్చారో అడగండి. పిడిని వేడి ఇనుముతో గుచ్చి గరుకు చేసినవి, ట్రిగ్గర్ బయటి కంపెనీదిగా మార్చినవి నేను ఏ ధరకూ ముట్టను. మరొకరి ఇంటి బల్ల మీద జరిగిన పనికి నా కుటుంబాన్ని ఎందుకు అప్పగించాలి? 2001, 2002 ప్రాంతంలో తయారైన కొన్ని ఫ్రేముల్లో స్లైడు జారే వెనక పట్టాలు విరిగే లోపం బయటపడి కంపెనీ మార్చి ఇచ్చింది కాబట్టి మూడో తరం కొనేవాళ్లు ఆ నాలుగు ఉక్కు పట్టాలూ దగ్గరగా చూడాలి. నాలుగో తరం మొదట్లో వచ్చినవాటికి రీకాయిల్ స్ప్రింగు సరిపడక 2011లో కంపెనీ ఉచితంగా మార్చింది. అది మార్చినదో కాదో తెలుసుకోండి.

స్ప్రింగు సత్తువ అక్కడికక్కడే చూడవచ్చు. పిస్టల్ ఖాళీగా ఉందని రెండోసారి, మూడోసారి నిర్ధారించుకుని, దుకాణం వాళ్ల అనుమతితో, వాళ్లు చూపించిన వైపు మూతిని కాస్త పైకెత్తి పట్టుకోండి. ట్రిగ్గర్ నొక్కి అలాగే పట్టి ఉంచి, స్లైడును పూర్తిగా వెనక్కి లాగి, చేత్తో ఆపుకుంటూ మెల్లగా ముందుకు వదలండి. మంచి స్ప్రింగు స్లైడును చివరి దాకా తానే నెట్టి మూసేస్తుంది. కొద్దిగా ముందే ఆగిపోతే స్ప్రింగు అలిసిపోయింది. భయపడనక్కర్లేదు, కొత్త స్ప్రింగు చవకే, ఆ ఖర్చు మాత్రం ధరలో తగ్గించుకోండి.

మిగిల్చిన ఆ నూటయాభై డాలర్లు ఎక్కడ పెట్టాలో కూడా చెబుతాను, ఎందుకంటే నా కోపానికి అసలు కారణం అదే. ఐదో తరం కొని, ఒక్క పెట్టె తూటాలు కాల్చి, బీరువాలో చీరల మధ్య పెట్టేసినవాళ్లు నాకు తెలుసు. శిక్షణ లేదు, తాళం పెట్టె లేదు. మూడో తరమైనా ఐదో తరమైనా మామూలు గ్లాక్ 19కి చేత్తో వేసే సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. పైగా శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే. మ్యాగజైన్ తీశాం కదా అని ఛాంబర్ చూడకుండా నొక్కినవాడికి ఏ తరం పిస్టలూ రెండో అవకాశం ఇవ్వదు. తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలిందన్న వార్తలు మనవాళ్ల ఇళ్ల నుంచి కూడా వస్తూనే ఉన్నాయి. 17 ఏళ్లలోపు పిల్లలకు నిండు తుపాకీ అందేలా వదిలేయడం టెక్సాస్‌లో నేరం. చట్టం లేకపోయినా పిల్లలున్న ఇంట్లో అది క్షమించరాని పని. చేత్తో అంకెలు నొక్కి తెరిచే గట్టి పెట్టె ఒకటి కొనండి. ఒక రోజు ప్రాథమిక శిక్షణకు భార్యాభర్తలిద్దరూ వెళ్లండి. డబ్బులు మిగిలితే తూటాలు కొని రేంజ్‌కు పోయి కాల్చండి. ఇవి చేసినవారి చేతిలో 20 ఏళ్ల నాటి మూడో తరం ఎంతో ఉపయోగం, ఇవేవీ చేయనివారి చేతిలో నిన్న తయారైన ఐదో తరం ఇంటికే ముప్పు.

టెక్సాస్‌లోనే నివసించే ఇద్దరు వ్యక్తులు కాగితాలు లేకుండా పిస్టల్ చేతులు మార్చుకోవడానికి వీలుంది. నేను మాత్రం పరిచయం లేని మనిషి దగ్గర కొంటే లైసెన్సున్న దుకాణం ద్వారానే మార్పించుకుంటాను. ఆ పాతిక ముప్ఫై డాలర్లకు వెనకాడేవాడి దగ్గర అసలు కొనను. వేరే రాష్ట్రంలో ఉన్నవారి నుంచైతే మీ రాష్ట్రంలోని దుకాణానికి రప్పించుకుని తీసుకోవాల్సిందే, చట్టం అదే చెబుతోంది.

కాలిఫోర్నియాలో ఉన్న బంధువులు కూడా ఇదే ప్రశ్న అడుగుతున్నారు, వాళ్ల పరిస్థితి వేరు. అక్కడ దుకాణాలు అమ్మదగిన పిస్టళ్లకు ప్రభుత్వ జాబితా ఒకటి ఉంది. ఏళ్ల తరబడి అందులో గ్లాక్ 19 అంటే మూడో తరమే, నాలుగు, ఐదు తరాలకు చోటు దక్కలేదు. జాబితాలో లేనివి ఒక వ్యక్తి మరో వ్యక్తికి దుకాణం ద్వారా అమ్ముకునే వీలుండటంతో, అక్కడ వాడేసిన ఐదో తరం ఇక్కడి కొత్తదాని కంటే ఎక్కువ పలికేది. నిబంధనలు మారుతుంటాయి, కొనే రోజున దుకాణంలో అడిగి తెలుసుకోండి. ఎలాగూ ఆ రాష్ట్రంలో మ్యాగజైన్‌కు పది తూటాల పరిమితి ఉంది. ఎడమచేతి వాటమో, మా ఆవిడలా చిన్న చేతులో ఉంటే తప్ప, అరుదైన సరుకని చెప్పి అడిగే ఆ ధర నేనైతే పెట్టను. దొరికితే మూడో తరం తీసుకుంటాను, తీసుకున్నవాళ్లను వెనకేసుకొస్తాను.