సామెతకు పాస్‌పోర్టు అడుగుదామా?

ఈసారి మన సింగపూర్ తెలుగువాళ్ళ ఉగాది సభలో పంచాంగ శ్రవణం అయ్యాక పిల్లల పద్యాలు మొదలయ్యాయి. ప్రైమరీ ఫైవ్ చదివే ఓ అమ్మాయి "తల్లిదండ్రుల మీద దయలేని పుత్రుండు" చక్కగా చెప్పి, ఇలాంటిదే చైనీస్ క్లాసులో కూడా నేర్చుకున్నానంటూ కాకి కథ ఎత్తుకుంది. తల్లి ముసలిదై ఎగరలేకపోతే పిల్లకాకి తిండి తెచ్చి నోట్లో పెడుతుందట. కథ సగంలో ఉండగానే మైకు పట్టుకున్న పెద్దమనిషి "మన ఉగాదికి చైనా సరుకెందుకమ్మా, ఎక్కువ రోజులు మన్నదు" అన్నారు. హాలంతా నవ్వింది. పిల్ల స్టేజీ దిగిపోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ పిల్ల చైనీస్ ఎందుకు చదువుతోందో ఆ హాల్లో తెలియనివాళ్ళు లేరు. ఇక్కడి బడుల్లో మాతృభాష సబ్జెక్టుగా తెలుగు లేదు. తమిళం ఉంది, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. మనలో చాలామంది హిందీతో సరిపెట్టుకున్నారు, నాలాంటి కొందరు అనుమతి తెచ్చుకుని చైనీస్ పెట్టించారు. మనమే పెట్టించి, అది పిల్ల నోట వస్తే ఎగతాళి చేయడమేమిటి?

మా అమ్మాయి పుట్టినప్పుడు తెనాలి నుంచి అమ్మ వచ్చింది. బాలింత కాయం, వెల్లుల్లి కారం, ఆఖరికి చెవుల్లో పెట్టుకోవడానికి దూది కూడా సంచిలో తెచ్చింది. మా హెచ్‌డీబీలో, అంటే సర్కారు కట్టించిన ఫ్లాట్లలో, పక్కింటి చైనీస్ మామ్మ అల్లం, ఎర్ర రేగుపళ్ళు వేసి కాచిన కషాయం పట్టుకొచ్చింది. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. అయినా చన్నీళ్ళు తాగకూడదు, ఫ్యాను గాలి తగలకూడదు, చెప్పుల్లేకుండా నడవకూడదు అంటూ ఇద్దరూ నా మీద ఏకమైపోయారు. మన బాలింత పథ్యాన్నే వాళ్ళు 'నెల కూర్చోవడం' అంటారు. బారసాలకు వచ్చి పులిహోర తిన్న మామ్మ, నెల నిండగానే ఎర్ర గుడ్లు పంచాలని చెప్పింది. మాకు ఆ పద్ధతి తెలియదని తేలాక తనే గుడ్లు ఉడికించి, రంగు వేసి, మా తరఫున అంతస్తంతా పంచిపెట్టింది. శుభకార్యంలో గుడ్లేమిటని అమ్మ మొహం మాడ్చుకుంది, అది వేరే సంగతి.

ఆ మామ్మ నోట ఎప్పుడూ వినబడే మాట 'యాంగ్'. బిడ్డను సాకడం యాంగ్, కుండీలో పూలమొక్కను పెంచడం యాంగ్, నీరసించిన ఒంటిని కోలుకోనివ్వడం, ముసలివాళ్ళను చూసుకోవడం కూడా అదే. చైనా చట్టంలో మాత్రం విడదీస్తారు. పిల్లలను పెంచితే ఫుయాంగ్, పెద్దలను పోషిస్తే షాన్‌యాంగ్. ఈ రెండు బాధ్యతలూ చైనా రాజ్యాంగంలోనే ఉన్నాయి. అంతటితో ఆగకుండా, వేరుగా ఉండే పిల్లలు తరచూ వచ్చి చూడాలి లేదా పలకరించాలి అన్న మాట కూడా చట్టంలో చేర్చారు. అది 2013లో అమల్లోకి వచ్చింది. టికెట్ ధర చూసి "వచ్చే సంక్రాంతికి వస్తాలే" అని ఫోన్ పెట్టేసే మనం ఆ వాక్యం రెండుసార్లు చదవాలి. తల్లిదండ్రుల పోషణకు సింగపూర్ 1995లో చట్టం చేసింది, మన దేశం 2007లో చేసింది. కాకి కథలు, వేమన పద్యాలు ఉన్నా ఎవరికీ చట్టం తప్పలేదు.

చైనా వాళ్ళ మాటలన్నీ బంగారమని నేననడం లేదు. 'ముసలితనానికి అండగా కొడుకును పెంచు' అనే సామెత మన పున్నామ నరకం బాపతే. తల్లికి తిండి చాలదని కన్నబిడ్డను పూడ్చబోయిన గువో జూ అనేవాడి పాత చైనా కథ వింటే కడుపులో తిప్పుతుంది. కానీ ప్రాచీన చైనా తత్వవేత్త మెన్షియస్ చెప్పిన సాంగ్ రాజ్యపు మనిషి కథ మన ఇళ్ళలో గోడకు రాసి పెట్టాలి. పైరు త్వరగా ఎదగడం లేదని ఒక్కో మొక్కనూ పైకి లాగి, అలసిపోయి ఇంటికొచ్చి "ఇవాళ మొక్కలు పెరగడానికి సాయం చేశాను" అన్నాడట. కొడుకు పరుగెత్తి వెళ్ళి చూస్తే అన్నీ వాడిపోయి ఉన్నాయి. "ఈ చైనీస్ వాళ్ళు పిల్లల్ని రుద్దేస్తారండీ" అంటాం. అదే వాట్సాప్ గ్రూపులో ప్రైమరీ చదువు చివర రాసే పీఎస్‌ఎల్‌ఈ పరీక్ష టెన్షన్‌తో నాలుగో ట్యూషన్ టీచర్ నంబరు అడుగుతాం. కార్పొరేట్ కాలేజీ హాస్టళ్ళలో తెల్లవారుజామున లేపి చదివించిన జాతి మనది!

ఆ మైకు పెద్దమనిషి బాధ నాకు అర్థం కాకపోలేదు. మన పిల్లలకు తెలుగు దొరికేది ఆదివారం కాసేపు, ఇలాంటి సభల్లో ఇంకాసేపు. అందులోకి మరో భాష దూరితే మనకు మిగిలేదెంత? న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ పిల్ల కాకి కథ చెప్పింది తెలుగులో. తడుముకుంటూ అయినా తెలుగులోనే. బడిలో విన్నదాన్ని తెలుగులో చెప్పాలనిపించిన పిల్లలు మన మధ్య ఎందరున్నారు?

మన సంఘం కార్యవర్గానికి నా విన్నపం ఇది. వచ్చే దీపావళి సభలో సినిమా డాన్సులు రెండు తగ్గించి, ఓ ఇరవై నిమిషాలు పిల్లలకు ఇవ్వండి. చైనీస్ కానీ, తమిళం, హిందీ కానీ, బడిలో నేర్చిన ఒక సామెతను తెలుగులో వివరించి, దానికి దగ్గరగా ఉన్న మన సామెతను పక్కన పెట్టి చెప్పాలి. రిహార్సల్స్ మా ఇంట్లో పెట్టుకుందాం, టిఫిన్ల సంగతి నేను చూసుకుంటాను. ఉగాది నాడు స్టేజీ దిగిపోయిన అమ్మాయి పేరు మొదట రాయండి, వాళ్ళ అమ్మతో నేను మాట్లాడతాను.