గోడ నీళ్లకూ ఓ ట్రిబ్యునల్ వేయండి

కృష్ణా జలాలు పంచడానికి ఈ దేశం ఇప్పటిదాకా రెండు ట్రిబ్యునళ్లు వేసింది. 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో తీర్పు చెప్పి, దాని మీద వచ్చిన సందేహాలు తీర్చడానికి 1976లో మరో నివేదిక ఇచ్చింది. 2004లో వేసిన బ్రిజేశ్‌కుమార్ ట్రిబ్యునల్ రాష్ట్రం విడిపోయాక కూడా వాదనలు వింటూ వచ్చింది. ఇంత పట్టింపు ఉన్న దేశంలో, కూకట్‌పల్లి రెండో అంతస్తు పడగ్గది గోడలోకి ఏళ్ల తరబడి దిగుతున్న నీళ్ల గురించి అడిగే నాథుడు లేడు. ఆ నీళ్లు ఎవరివో తేలక హైదరాబాద్‌లో ఎన్ని అడ్వాన్సులు మునిగిపోయాయో లెక్క తీసినవాళ్లూ లేరు. అందుకే సంబంధిత అధికారులకు ఈ విన్నపం.

నదీ వివాదానికీ గోడ వివాదానికీ తేడా ఒక్కటే. అక్కడ నీళ్లు మావంటే మావని కొట్టుకుంటారు. ఇక్కడ మీవంటే మీవని కొట్టుకుంటారు. మిగతాదంతా మక్కీకి మక్కీ. పై పోర్షన్ బాత్రూం ఎగువ ప్రాంతం. మన బీరువా వెనకాల గోడ చివరి ఆయకట్టు. మధ్యలో శ్లాబు అనే ఆనకట్ట ఒకటి ఉంటుంది, దానికి వాటర్‌ప్రూఫింగ్ చేయించామని ఓనర్ గారు చెబుతారు. చేసిన మేస్త్రీ నంబరు మాత్రం ఆయన దగ్గర ఉండదు.

ఓనర్ల సిద్ధాంతాన్ని ముందుగా గౌరవంగా వివరించాలి. మనం అద్దె కడుతున్నంత కాలం చెమ్మ అనేది లేదు. శ్రావణంలో ఫోన్ చేస్తే, "వానాకాలం కదమ్మా, ఎండలొస్తే అదే ఆరిపోతుంది" అంటారు. ఏప్రిల్‌లో చేస్తే, "ఇప్పుడు పొడిగానే ఉందిగా, మళ్లీ వానలు పడ్డప్పుడు చూద్దాం" అంటారు. ఇలా రుతువులు గడుస్తాయి. మనం ఖాళీ చేస్తున్నామని నోటీసు ఇచ్చిన క్షణంలో చెమ్మ పుడుతుంది. పుట్టడమే కాదు, మన ఇంటిపేరుతో పుడుతుంది.

తనిఖీ రోజున, ఏడాదిపాటు ఫోన్ ఎత్తని పెద్దమనిషి చెప్పిన టైమ్‌కంటే ముందే వస్తారు. వెంట పెయింటర్‌ని తెచ్చుకుంటారు. బీరువా జరిపిస్తారు. దాని వెనక, నేల నుంచి మోకాలెత్తు దాకా పెయింట్ అప్పడంలా ఉబ్బి ఉంటుంది. వేలితో నొక్కితే పటుక్కున విరిగి, లోపల్నుంచి తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది. పైన సీలింగ్ మూలలో నల్లటి బూజు చుక్కలు. కింది అరలోని పట్టుచీరల మడతల్లోంచి, కలరా ఉండల వాసనను మించి ముక్కిన వాసన వస్తుంటుంది. అప్పుడు సంభాషణ ఇలా సాగుతుంది.

"ఇదేంటండీ, గోడని ఇలా చేశారు?"

"మేం చేసింది కాదు సార్, పైన బాత్రూం లీకేజీ. పోయిన శ్రావణంలోనే మీకు వాట్సాప్‌లో ఫొటోలు పెట్టాను కదా."

"ఆ ఫొటోల్లో ఇంత లేదు."

"అప్పటికి ఇంత కాలేదు సార్."

"చూశారా, మీరే ఒప్పుకుంటున్నారు. మీరున్నప్పుడే పెరిగింది."

ఈ తర్కాన్ని న్యాయశాస్త్ర విద్యార్థులకు పాఠంగా పెట్టాలని నా సూచన.

తర్వాత కారణాల పరిశోధన. ఇంట్లో బట్టలు ఆరేశారు. కుక్కర్ విజిల్స్ ఎక్కువ పెట్టారు. పిల్లలు రోజుకు రెండుసార్లు స్నానం చేశారు. బాల్కనీలో తులసి కుండీకి నీళ్లు పోశారు. కిటికీలు మూసి ఉంచారు. ఈ చివరి ఆరోపణకు మాత్రం మన దగ్గర జవాబుంటుంది: ఆ కిటికీ తీస్తే పక్కింటివాళ్ల వంటిల్లు, వాళ్ల కిటికీ తీస్తే మన పడగ్గది. రెండు బిల్డింగుల మధ్య ఉన్న సందులో చీపురు కూడా అడ్డంగా పట్టదు. ఆ సందులోకి సూర్యుడు రావాలంటే ఆయన కూడా వాచ్‌మన్ రిజిస్టర్‌లో సంతకం పెట్టాల్సిందే.

నిజం చెప్పాలంటే ఊపిరి, వంట, స్నానం, తడిబట్టలు – వీటన్నిటినుంచీ ఇంట్లోకి ఆవిరి చేరే మాట వాస్తవమే. గాలి ఆడని గదిలో అది చల్లటి గోడ మీద చేరి బూజుకి పరుపు వేస్తుంది. మన అద్దెదారులూ తక్కువ తినలేదు. పావురాలు వస్తున్నాయని బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నంలో పాత పేపర్లు కుక్కి, ఆపైన పైకప్పు నల్లబడిందని ఓనర్‌కి ఫోన్ చేసే మహానుభావులు మనలోనే ఉన్నారు. అలాంటి కేసుల్లో ట్రిబ్యునల్ ఓనర్ పక్షాన తీర్పు ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. కాని ఆవిరి ఉప్పు తేదు. గోడ లోపల్నుంచి నీళ్లు నడిచి వస్తేనే ఇటుకలోని, సిమెంట్‌లోని లవణాలు కరిగి, పైకొచ్చి, ఆరి, తెల్లటి పొడిగా మిగులుతాయి. పునాది దగ్గర తేమను ఆపే పొర వేయకపోతే నేలలోని నీరు ఇటుకల్లోని సన్న రంధ్రాల గుండా పైకి పాకుతుంది. గ్రౌండ్ ఫ్లోర్ ఇంట్లో మోకాలెత్తున ఉబ్బిన పెయింట్ దాని పనే కావచ్చు. సీలింగ్ దగ్గర మొదలైన మరక అయితే పై బాత్రూం వైపో, టెర్రస్ వైపో వేలు చూపిస్తుంది. ఇందులో అద్దెదారు కుక్కర్‌కి పాత్ర లేదు.

దీన్ని తేల్చడానికి ఐఐటీ ప్రొఫెసర్లు అక్కర్లేదు. ఖాళీ పాల ప్యాకెట్‌ని కోసి, కడిగి, తుడిచి, నాలుగు అంచులా టేపు వేసి గోడకి అతికించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. కవరుకి గోడ వైపు చెమటలు పడితే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు. గది వైపు పడితే ఆవిరి మనది. ఖర్చు సున్నా. ఇంత చవకైన పరీక్ష కాబట్టే దీనికి ఏ ఓనరూ ఒప్పుకోడు. "మా ఇంట్లో ఇలాంటి ప్రయోగాలు వద్దండీ, టేపు తీస్తే పెయింట్ ఊడొస్తుంది" అంటారు. అదీ నిజమే, ఆ పెయింట్ టేపు దాకా ఆగదు కూడా.

అసలు టు-లెట్ బోర్డు మే నెలలో ఎక్కువగా ఎందుకు వేలాడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? పిల్లల బడులు అని మీరంటారు. సరే. కాని మేలో ప్రతి గోడా పొడిగా ఉంటుంది. దాని మీద లప్పం రాసి, ఒక కోటింగ్ కొట్టి, కిటికీలు బార్లా తెరిచిపెడితే ఇల్లు కళకళలాడుతుంది. మనం లోపలికి వెళ్లి నల్లా తిప్పి చూస్తాం, వాస్తు చూస్తాం, నైరుతి బరువు ఉందో లేదో చూస్తాం. గోడ మీద చెయ్యి మాత్రం పెట్టం. కొత్త పెయింట్ వాసనను శుభసూచకంగా భావించి ఆ సాయంత్రమే అడ్వాన్స్ పంపేస్తాం. జూలైలో గోడ నోరు విప్పుతుంది.

అడ్వాన్స్ అనగానే ఒప్పందం మాట వస్తుంది. మన ఒప్పందాలన్నీ పదకొండు నెలలవే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూల రూపంలో ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని ఉంది కాబట్టి, చట్టాన్ని గౌరవిస్తూనే దానికి ఒక నెల దూరంలో నిలబడతాం. జిరాక్స్ షాపులో వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద కొట్టే ఆ కాగితంలో మేకులు కొట్టకూడదని ఉంటుంది, రాత్రి పది తర్వాత గేటు వేస్తామని ఉంటుంది, ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్ కింద కోస్తామని ఉంటుంది. గోడలోంచి నీళ్లు వస్తే ఎవరు చూడాలో ఉండదు.

చట్టం ఏమంటోందో కూడా చూద్దాం. ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. అందులో 108వ సెక్షన్ ప్రకారం, సహజంగా వచ్చే అరుగుదల పోను, అద్దెదారు ఇంటిని తీసుకున్నట్టే తిరిగి అప్పగించాలి. ఓనర్ చేయించాల్సిన రిపేరును, చెప్పినా చేయించకపోతే, తనే చేయించి ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే ఒప్పందంలో వేరేలా రాసుకోకపోతేనే. అందుకే వేరేలా రాసి ఉంటుంది. ఇక 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం తెచ్చింది. నివాస గృహాలకు డిపాజిట్ రెండు నెలల అద్దె దాటకూడదట. ఇల్లు ఖాళీ చేసి అప్పగించిన రోజే, బాకీలుంటే మినహాయించుకుని, తిరిగి ఇచ్చేయాలట. ఎవరి పని ఏమిటో పట్టిక కూడా వేశారు: నల్లా వాషర్, గీజర్, స్విచ్‌లు అద్దెదారువి. గోడలకు వెల్ల వేయించడం, తలుపులకు రంగులు, అవసరమైతే పైపులు మార్చడం, కట్టడానికి సంబంధించిన రిపేర్లు ఓనర్‌వి. వెల్ల వేయించడం ఓనర్ బాధ్యత! ఈ వాక్యాన్ని మా కాలనీలో ఒకాయనకు చదివి వినిపిస్తే, ప్రవచనం విన్నంత భక్తిగా విని, "నమూనా అన్నారుగా" అన్నారు. అదీ సంగతి. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకునేదాకా అది నమూనాయే. షోకేసులో చీరలాగా చూసుకోవచ్చు, కట్టుకోలేం.

ఇంగ్లండ్‌కి చదువుకోడానికి వెళ్లిన మన పిల్లలు చెప్పే కథలు వింటే ఇంకా కడుపు మండుతుంది. అక్కడ 2007 నుంచీ డిపాజిట్ డబ్బుని ప్రభుత్వం ఆమోదించిన స్కీములో పెట్టి తీరాలి. వివాదం వస్తే మూడో మనిషి కాగితాలు, ఫొటోలు చూసి తేలుస్తాడు. అంత పద్ధతైన దేశంలో కూడా గోడకి బూజు పట్టిందంటే ఓనర్ మొదట అడిగేది, కిటికీలు తీస్తున్నారా అనే. ఈ ఒక్క విషయంలో మాత్రం మనం ప్రపంచంతో సమానంగా ఉన్నాం.

ఇంతకీ మన అడ్వాన్స్ ఎక్కడుంటుంది? బ్యాంకులో ఉంటుందనుకునే అమాయకులు బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ కట్టినవాళ్లలో కూడా ఉన్నారు. అది పైన పెంట్‌హౌస్ శ్లాబులో ఉంటుంది. మనం కట్టిన డబ్బుతోనే పైన ఇంకో గది లేచింది. ఆ గది బాత్రూం నీళ్లే మన గోడలోకి దిగాయి. ఆ గోడ బాగు చేయించడానికే ఇప్పుడు మన అడ్వాన్స్‌లో కోత. ఇక మిగిలిన ముక్క కూడా వెంటనే రాదు. "కొత్తవాళ్లు అడ్వాన్స్ ఇవ్వగానే మీకు పంపిస్తా" అంటారు. కొత్తవాళ్లకిచ్చేది ఆ తర్వాత వచ్చేవాళ్ల దగ్గర తీసుకుంటారు. పొలాలు తడిపి తిరిగి నదిలో చేరే నీటిని కూడా బచావత్ గారు లెక్కలోకి తీసుకున్నారు. అలా లెక్కించబట్టే అప్పటి ఆంధ్రప్రదేశ్ వాటా 800 టీఎంసీల నుంచి 811కి పెరిగింది. ఒకే అడ్వాన్స్ ఇంతమంది చేతులు తడుపుతూ తిరుగుతుంటే ఓనర్ల వాటా ఎంత పెరిగిందో కొత్త ట్రిబ్యునల్ తేల్చాలి.

తీర్పు వచ్చేసరికి మన పిల్లలు కూడా ఓనర్లయిపోతారని తెలుసు. కాబట్టి అప్పటిదాకా తాత్కాలిక సర్దుబాటు ఒకటి కోరుతున్నాం. దీనికీ దారి ముందే ఉంది. ఆ 811 టీఎంసీలను 2015లో రెండు రాష్ట్రాల మధ్య తాత్కాలికంగా 512, 299గా సర్దారు. మా అడ్వాన్స్‌నీ అదే లెక్కన పంచండి. 512 ఓనర్ గారికే ఉంచండి, 299 మాకిప్పించండి. వందకు ముప్పై ఏడు రూపాయలు కూడా సరిగ్గా రావు. అంత తక్కువకు ఒప్పుకుంటున్నామేంటని మా అసోసియేషన్ కార్యదర్శి కోప్పడ్డారు. ఆయనది సొంత ఇల్లు. పెయింటింగ్, క్లీనింగ్, పగిలిన టైలు, పై బాత్రూం లీకేజీ అన్నీ పోయాక చేతికెంత వస్తోందో అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లని అడగమనండి.