నోటీసు వెనకున్న క్యాలెండర్

2000ల్లో ఇంజినీరింగ్ చదివిన వాళ్లను అడిగి చూడండి, హాస్టల్లో రాత్రి పదకొండు దాటాక ఏం చేసేవారని. చదువుకునేవాళ్లం అనేవాళ్లను పక్కన పెడితే, మిగతావాళ్ల నోట వచ్చేవి రెండే పేర్లు: కౌంటర్ స్ట్రైక్, డోటా. సీనియర్ గదిలో ఒక స్విచ్, అక్కణ్నుంచి కారిడార్ పొడుగునా ల్యాన్ వైర్లు, పెన్‌డ్రైవ్‌లో చేతులు మారే ఫోల్డర్. నేనూ ఆ బాపతే. ఆ గేములు ఎవరు చేశారో మాకు పట్టలేదు. ఏదో అమెరికా కంపెనీ చేసి ఉంటుందని అనుకున్నాం.

నిజానికి ఆ రెండూ ఏ కంపెనీ ఆఫీసులోనూ పుట్టలేదు. హాఫ్ లైఫ్ అనే గేమ్ మీద ఇష్టంతో మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు 1999లో కట్టిన మోడ్ (ఉన్న గేమ్‌ను మార్చి అభిమానులు చేసుకునే కొత్త రూపం) కౌంటర్ స్ట్రైక్. మిన్ లీ అప్పటికి కెనడాలో కాలేజీ విద్యార్థి. వార్‌క్రాఫ్ట్ 3తో పాటు ఇచ్చిన మ్యాప్ ఎడిటర్‌లో తయారైంది డోటా. యూల్, గిన్సూ, ఐస్‌ఫ్రాగ్ అనే మారుపేర్ల వాళ్లు ఒకరు వదిలేసిన చోట ఇంకొకరు అందుకుని దాన్ని పెంచారు. హాఫ్ లైఫ్ సొంతదారు వాల్వ్ కంపెనీ 2000లో కౌంటర్ స్ట్రైక్‌ను కొనేసింది. తర్వాత ఐస్‌ఫ్రాగ్‌నూ ఉద్యోగంలోకి తీసుకుని 2013లో డోటా 2 విడుదల చేసింది. 2021లో ఆ గేమ్ ప్రపంచ పోటీ బహుమతి మొత్తం 4 కోట్ల డాలర్లు.

ఈ కథను కంపెనీలు చాలా ఇష్టంగా చెప్పుకుంటాయి. అభిమానిని గుర్తించాం, అక్కున చేర్చుకున్నాం అని. అవే కంపెనీల లాయర్లు ఇంకోచోట ఇంకో అభిమానికి, చేసింది తీసేయమని నోటీసు పంపుతుంటారు. ఒకరికి ఉద్యోగం, ఇంకొకరికి నోటీసు. తేడా ఎక్కడుంది? పనితనంలోనా, చట్టంలోనా? ఇరవై ఏళ్లుగా ఈ వ్యవహారాలు చూస్తున్న నాకైతే కంపెనీ గోడ మీది క్యాలెండర్లో ఉందనిపిస్తుంది.

2016 జులై, ఆగస్టు నెలలు చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

జులైలో సెగా అనే జపాన్ గేమ్ కంపెనీ తన సోనిక్ సిరీస్‌లో సోనిక్ మేనియా అనే కొత్త గేమ్ ప్రకటించింది. సోనిక్‌కు అప్పటికి 25 ఏళ్లు. పాత పద్ధతిలో, చుక్కల బొమ్మలతో చేయాల్సిన ఆ గేమ్‌ను సెగా తన సొంత బృందానికి ఇవ్వలేదు. ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్టియన్ వైట్‌హెడ్ చేతిలో పెట్టింది. అతను ఎన్నో ఏళ్లు అనుమతి లేకుండా సోనిక్ ఫ్యాన్ గేములు చేసుకున్న మనిషి. సోనిక్ సీడీ అనే పాత గేమ్‌ను ఫోన్‌లో ఆడించి చూపిస్తూ 2009లో వీడియో పెడితే, సెగా కన్నెర్ర చేయకుండా పని అప్పగించింది. అది 2011లో అధికారికంగా విడుదలైంది. మేనియా సంగీతం చేసిన టీ లోపెస్ కూడా యూట్యూబ్‌లో సోనిక్ పాటలకు తన వరసలు కట్టి పెట్టుకున్నవాడే. 2017లో వచ్చిన ఆ గేమ్‌ను చాలా ఏళ్లలో వచ్చిన మేలైన సోనిక్ అని విమర్శకులు మెచ్చుకున్నారు.

ఆ ప్రకటన తర్వాత సరిగ్గా పదిహేను రోజులకు, ఆగస్టు 6న, అర్జెంటీనా నుంచి మిల్టన్ గువాస్తి అనే ఆయన ఒక గేమ్ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాడు. నింటెండో అనే జపాన్ కంపెనీ గేములైన మెట్రాయిడ్ సిరీస్ మొదలై ఆ రోజుకు 30 ఏళ్లు. 1991లో గేమ్ బాయ్ అనే నింటెండో చేతి గేమ్ యంత్రంలో వచ్చిన రెండో మెట్రాయిడ్‌ను అతను మొదటినుంచీ తిరగరాశాడు. గేమ్ బాయ్ తెర ఎంతని! అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 144, రంగులు చూస్తే నాలుగు ఛాయలు. ఆ ఇరుకులో దారి తెలియక తిరిగిన గుహలన్నిటికీ అతను రంగులు వేశాడు, మ్యాప్ ఇచ్చాడు, సంగీతం కొత్తగా చేశాడు, అసలులో లేని ప్రాంతాలు కలిపాడు. ప్రోగ్రామింగ్ నేర్చుకుందామని మొదలుపెట్టిన పని పదేళ్లు పట్టింది. పేరు ఏఎమ్‌2ఆర్. నేను ఆడాను. మూలం మీద అంత గౌరవంతో, అంత ధైర్యంగా మూలాన్ని మార్చిన రీమేక్‌లు డబ్బు పెట్టి కొన్నవాటిలోనూ తక్కువే చూశాను.

విడుదలైన కొద్దిసేపటికే డౌన్‌లోడ్ లింకులున్న సైట్లకు నింటెండో నోటీసులు వెళ్లాయి. అదే నెలలో పోకెమాన్ యురేనియం అనే ఇంకో ఫ్యాన్ గేమ్ కూడా ఆగిపోయింది. తొమ్మిదేళ్ల పని, 15 లక్షలకు పైగా డౌన్‌లోడ్లు. సెప్టెంబర్లో గేమ్ జోల్ట్ అనే ఒక్క సైటు నుంచే 562 ఫ్యాన్ గేములు పోయాయి. సంవత్సరాంతపు గేమ్ అవార్డుల్లో అభిమానుల సృష్టి విభాగానికి ఏఎమ్‌2ఆర్, యురేనియం రెండూ నామినేట్ అయ్యాయి. తర్వాత చడీచప్పుడు లేకుండా జాబితాలోంచి మాయమయ్యాయి. అభిమానుల సృష్టికి అవార్డు ఇస్తామంటూ, ఆ ఏడాది ఎక్కువగా చర్చలో ఉన్న రెండు సృష్టుల్నీ తీసేశారన్నమాట.

మరుసటి ఏడాది జూన్‌లో నింటెండో ఒక ప్రకటన చేసింది. రెండో మెట్రాయిడ్‌ను తామే రీమేక్ చేస్తున్నామని. అది 2017 సెప్టెంబర్లో వచ్చింది. నోటీసుకు కారణం అదేనని నేను రుజువు చేయలేను. తారీఖులు పక్కపక్కన పెట్టుకుంటే మాత్రం ఇంకో కారణం వెతకబుద్ధి కాదు.

ఇక్కడ సెగాను మంచివాడిగా, నింటెండోను విలన్‌గా చూపడం తేలిక. కానీ కుదరదు. 2011లో స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ గేములను కలిపి ఎనిమిదేళ్లు కష్టపడి చేసిన ఫ్యాన్ రీమేక్ విడుదలైతే, రోజుల వ్యవధిలో తీసేయించింది ఇదే సెగా. అలాగే నింటెండో వదిలేసినవీ ఉన్నాయి. మదర్ 3 అనే గేమ్ 2006లో జపాన్‌లో మాత్రమే వచ్చింది. క్లైడ్ మాండెలిన్ అనే అనువాదకుడు బృందాన్ని కూడగట్టి 2008లో ఇంగ్లిష్ అనువాదం ఇంటర్నెట్‌లో పెట్టాడు. కావాలంటే ఉచితంగా తీసుకోమని తర్వాత నింటెండోకే చెప్పాడు. కంపెనీ తీసుకోలేదు, అడ్డుపడనూ లేదు. ఎందుకంటారు? మదర్ 3 ఇంగ్లిష్‌లో అమ్మే ఆలోచన దాని క్యాలెండర్లో లేదు మరి.

ఇది మనకు దూరపు గొడవ అనుకునేవాళ్లకు జీటీఏ సిరీస్‌లోని వైస్ సిటీ గేమ్ గుర్తు చేస్తాను. నెట్ సెంటర్లో గంటకు ఇంతని కట్టి, మిషన్లు వదిలేసి, చీట్ కోడ్ కొట్టి ట్యాంకు తెప్పించుకున్న తరం మనది. 2021 ఫిబ్రవరిలో కొందరు అభిమానులు జీటీఏ 3, వైస్ సిటీల కోడ్‌ను వెనక నుంచి విప్పి, తిరిగి రాసి, పాత తప్పులు సరిచేసి బయట పెట్టారు. సొంతదారు టేక్ టూ దాన్ని తీసేయించింది, సెప్టెంబర్లో కోర్టుకూ వెళ్లింది. ఆ ఏడాదే పాత గేములకు చేసిన అభిమానుల మోడ్లు ఇంకొన్ని కూడా తీయించింది. నవంబర్లో జీటీఏ 3, వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ అనే మూడు పాత గేముల కొత్త ఎడిషన్ కంపెనీయే అమ్మకానికి పెట్టింది. వర్షం పడితే ఎదుటి మనిషి కనపడని, మొహాలు మైనపు బొమ్మల్లా ఉన్న ఆ ఎడిషన్‌కు, జీటీఏ గేములు చేసే టేక్ టూ సంస్థ రాక్‌స్టార్ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇంకో ముచ్చట. మన తెలుగు స్ట్రీమర్లు జీటీఏ రోల్‌ప్లే పెట్టి పోలీసుగానో, టాక్సీ డ్రైవర్‌గానో గంటల తరబడి లైవ్‌లో నటిస్తుంటారు. ఆ సర్వర్లలో చాలావాటికి ఆధారం ఫైవ్ఎమ్ అనే మోడ్. 2015లో దాన్ని చేస్తున్నవాళ్ల ఖాతాలను రాక్‌స్టార్ నిషేధించింది. 2023 ఆగస్టులో ఆ బృందాన్నే తనలో కలిపేసుకుంది. ఎనిమిదేళ్లలో కాపీరైట్ చట్టం మారిందా? జనం ఎక్కడ ఆడుతున్నారో లెక్క తెలిసిందంతే.

చట్టం సంగతి దాచకుండా చెప్పుకుందాం. ఈ కేసుల్లో చాలావాటిలో చట్టం కంపెనీ వైపే ఉంది. మన 1957 కాపీరైట్ చట్టమే తీసుకోండి. ఒక రచనను మార్చి కొత్తగా చేసే హక్కు కూడా మూల రచన హక్కుదారుకే ఇస్తుంది. సొంత వాడకం, విమర్శ, సమీక్ష లాంటి వాటికి 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. ఉచితంగా పంచాను కాబట్టి నేరం కాదు అనే వాక్యం అందులో ఎక్కడా లేదు. డబ్బులు తీసుకోకపోతే ఏమీ కాదని నమ్మే కుర్రాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మన దేశంలో కాస్త ఊరటనిచ్చే తీర్పు కేరళ హైకోర్టుది. తోప్పిల్ భాసి రాసిన ప్రసిద్ధ నాటకాన్ని విమర్శిస్తూ, అందులోని పాత్రలనే తీసుకుని సివిక్ చంద్రన్ ఎదురు నాటకం రాస్తే, 1996లో కోర్టు ఆయన పక్షాన నిలిచింది. అయితే అక్కడ విమర్శ ఉంది. ఏఎమ్‌2ఆర్‌లో ఉన్నది ప్రేమ. ప్రేమకు చట్టంలో సెక్షన్ లేదు.

ఊరుకుంటే హక్కు పోతుంది, అందుకే నోటీసు పంపక తప్పదు అనే మాట మాత్రం నాకు మింగుడు పడదు. ట్రేడ్‌మార్క్ విషయంలో అందులో కొంత నిజముంది. పేరును ఎవరు వాడినా పట్టించుకోకపోతే అది బలహీనపడుతుంది. కాపీరైట్ అలా కాదు. అభిమాని బొమ్మను చూసీ చూడనట్టు వదిలేసినంత మాత్రాన మారియో ఎవరి సొత్తూ అయిపోడు. కంపెనీలు ఈ రెంటినీ కావాలనే కలిపి మాట్లాడతాయి.

కథలు పెరిగే తీరు మనకు తెలియనిది కాదు. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. మన జానపదులూ నాటకాలవాళ్లూ కలిపిన పిల్ల ఆవిడ. ఘటోత్కచుడు ఆవిడ వేషం కట్టి పెళ్లిపీటల మీద కూర్చోవడం ఎవరి రీమేకో, ఎవరి మోడో తేల్చడం కష్టం. వ్యాసుడికి వాటాదారులు లేకపోవడం మన అదృష్టం.

డోటా నుంచి కంపెనీలు నేర్చుకున్న పాఠం కూడా వేరు. వార్‌క్రాఫ్ట్ 3 చేసిన బ్లిజార్డ్‌కు డోటా చేజారింది. ఆ పేరు కోసం వాల్వ్‌తో గొడవపడి 2012లో రాజీకి వచ్చింది. 2020లో వార్‌క్రాఫ్ట్ 3ను కొత్తగా విడుదల చేస్తూ నిబంధనల్లో ఒక మాట చేర్చింది: ఇందులో మీరు తయారుచేసే గేములన్నీ మా సొత్తు. ఇంకో డోటా పుడితే ఈసారి చేజారకూడదని. అలాంటప్పుడు ఎవడైనా తన మంచి ఆలోచనను తెచ్చి అక్కడ ఎందుకు పెడతాడు? డబ్బు విషయంలోనూ ఇదే ధోరణి. 2015 ఏప్రిల్‌లో బెథెస్డా కంపెనీ గేమ్ అయిన స్కైరిమ్ మోడ్లను డబ్బుకు అమ్మే పద్ధతి పెట్టి, చేసినవాడికి 25 శాతం, మిగతాది వాల్వ్‌కూ బెథెస్డాకూ అన్నారు. ఆటగాళ్ల కోపం చూసి నాలుగు రోజులకే ఎత్తేశారు. మోడ్లకు డబ్బు తీసుకోవడమే పాపం అన్న అభిమానులతో నేను ఏకీభవించను. నాకు తప్పనిపించింది ఆ వాటా.

మన దగ్గర ఇప్పుడు గేములు కట్టే సాఫ్ట్‌వేర్ ఇంజిన్లు ఉచితం, నేర్పే వీడియోలు ఉచితం. ఇష్టమైన గేమ్ పాత్రకు తెలుగు డబ్బింగ్ చెప్పేవాళ్లు, మ్యాపులు కట్టేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు పెరుగుతున్నారు. పెద్ద గేముల మెనూల్లో తెలుగు దాదాపు కనపడదు కాబట్టి, మదర్ 3 లాంటి అనువాద పని ఎవరైనా చేస్తారేమోనని నాకు ఆశ. వాళ్లెవరైనా సలహా అడిగితే ది ఫర్‌గాటెన్ సిటీ పేరు చెబుతాను. నిక్ పియర్స్ అనే ఆస్ట్రేలియా అతను స్కైరిమ్‌కు మోడ్‌గా చేసిన కథ అది. 2016లో ఆస్ట్రేలియా రచయితల సంఘం అవార్డు గెలిచింది. అతను దాన్ని అక్కడే వదలకుండా, స్కైరిమ్ వాసన లేకుండా రోమన్ కాలానికి మార్చి రాసి, 2021లో సొంత గేమ్‌గా అమ్మాడు. ఇప్పుడు అది అతనిది. గువాస్తికీ మంచే జరిగింది. తర్వాత మూన్ స్టూడియోస్‌లో చేరి ఓరీ రెండో గేమ్‌కు లెవెల్ డిజైనర్‌గా పనిచేశాడు. కానీ పదేళ్ల అతని పని మీద ఈ రోజుకూ అతనికి హక్కు లేదు. దాన్ని వేరే అభిమానులు చాటుగా మెరుగుపరుస్తూ తిప్పుతున్నారు.

కంపెనీలు అన్నీ వదిలేయాలని నేననను. ముందే రాసిపెట్టమంటాను, అంతే. అది అసాధ్యమేమీ కాదు. జపాన్‌లో జున్‌యా ఓతా అనే ఒక్క మనిషి, ZUN అనే మారుపేరుతో, 1990ల నుంచి తోహో అనే గేములు చేస్తున్నాడు. కోడ్, బొమ్మలు, సంగీతం అన్నీ ఆయనే. అభిమానులు ఏం చేయొచ్చో ఏం చేయకూడదో ఆయన రాసిపెట్టాడు. ఇది అభిమానుల పని అని స్పష్టంగా చెప్పండి, నా గేమ్‌లోంచి బొమ్మలు ఉన్నపళంగా ఎత్తుకెళ్లకండి, గేమ్ ముగింపులు బయటపెట్టకండి, ఇలాంటివే. దాంతో తోహో మీద వేల పాటలు, కామిక్‌లు, గేములు వచ్చాయి. అనుమతి తీసుకుని వాటిని అమ్ముకునే దారి కూడా ఉంది. అలా అభిమానులు చేసిన తోహో లూనా నైట్స్ 2020లో నింటెండో గేమ్ యంత్రం స్విచ్ మీదకు వచ్చింది. అమ్ముతున్నది నింటెండో స్టోరే.