ఆ చెక్కకి ఏం పూశారో చెప్పండి

పొద్దున ఏడున్నరకి పప్పులోకి దోసకాయ తరుగుతున్నాను. ముక్కల మధ్య పల్చగా ఏదో మెరిసింది. ఉల్లిపొర అనుకున్నాను. వేలితో తీసి చూస్తే వార్నిష్ పెచ్చు, గోరంత ఉంది. నెల కిందట 1,800 రూపాయలు పోసి కొన్న చాపింగ్ బోర్డు అది. కత్తి పడే చోటంతా పొర లేచిపోయింది. ఈ నెలంతా మా కూరల్లోకి ఎంత పోయిందో, పిల్లాడి బాక్సులోకి ఎంత పోయిందో!

కొన్నచోటికి వెంటనే ఫోన్ చేశాను. "ఆరిపోయాక ఏం కాదు మేడం" అన్నాడు. ఏం పూశారు అని అడిగితే "పాలిష్" అన్నాడు. ఏ పాలిష్? "మంచి పాలిష్." నాలుగుసార్లు అడిగినా అదే మాట. అమ్మేటప్పుడు మాత్రం అంతా నేచురల్ అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఏటికొప్పాకలో పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకి లక్క పూస్తారు, రంగులు గింజల నుంచి, బెరడు నుంచి తీస్తారు. ఆ మాట దాచకుండా గర్వంగా చెప్తారు. వీళ్లకి పేరు చెప్పడానికి ఏమొచ్చింది?

ఆరితే ఏం కాదట! టీపాయ్ మీద ఏం కాదు, దాని మీద ఎవరూ బెండకాయలు కోయరు. రోజూ కత్తి దెబ్బలు తినే చెక్క మీద అద్దంలాంటి పొర వేస్తే పగలక ఏమవుతుంది? పగిలిన చోట నీళ్లు దిగుతాయి, కింద తడి ఆరదు, చెక్క నల్లబడుతుంది. మా వీధి చివర మటన్ కొట్టాయన చింతమొద్దుకి ఏ పాలిషూ లేదు. రాత్రి కత్తితో గీకి, ఉప్పు పట్టించి వెళ్తాడు.

కోసే చెక్కకి కావాల్సింది లోపలికి ఇంకే నూనె. మెడికల్ షాపులో లిక్విడ్ పారాఫిన్ దొరుకుతుంది, మలబద్ధకానికి ఇచ్చేదే. ఇంకే మందూ కలవని సాదా సీసా అడగండి. రుచి ఉండదు, వాసన ఉండదు, ఎన్నాళ్లున్నా పాడవదు. చెక్క తాగినంత పట్టించి, రాత్రంతా వదిలేసి, పొద్దున తుడవండి. అలా మూడు నాలుగు రోజులు చేయండి. తర్వాత చెక్క పాలిపోయినట్టు కనిపించినప్పుడల్లా ఒకసారి రాస్తే చాలు. నాలుగు వంతుల నూనెలో ఒక వంతు తేనెమైనం కరిగించి పైన రుద్దితే నీళ్లు తొందరగా పట్టవు.

ఇదంతా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. పిన్ని వేరుశెనగ నూనె రాయమంది. పాత చెక్కకి రాసి చూశాను పిన్నీ, కొన్నాళ్లకే కనరు వాసన, సబ్బుతో తోమినా పోలేదు. బావగారేమో పెయింట్ షాపులో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ తెచ్చుకో, అవిసె నూనే కదా అన్నారు. అది వంటకి వాడే అవిసె నూనె కాదు బావగారూ. తొందరగా ఆరడానికి కోబాల్టు, మాంగనీసు లాంటి లోహాల లవణాలు కలుపుతారు. తలుపులకి రాసుకోండి, నా చెక్కకి వద్దు.

ఇల్లు కట్టినప్పటి సంగతి ఇంకా నా కడుపులోనే ఉంది. టీవీ యూనిట్‌కి మెలమైన్ పాలిషా, పీయూ పాలిషా అని మగవాళ్లు నలుగురు వారం రోజులు చర్చించారు. శాంపిళ్లు తెప్పించారు, ఎండలో పెట్టి చూశారు. ఒక టేకు ముక్క మిగిలితే కూరలు కోసుకోవడానికి నున్నగా చేసివ్వమని, పాలిష్ మాత్రం వద్దని కార్పెంటర్‌కి చెప్పాను. సాయంత్రానికి అదీ మెరుస్తోంది. "మిగిలిన పాలిషే కదా, కొట్టెయ్యమన్నాను" అన్నారు మావారు. నేను అడిగిన ఒకే ఒక్క వస్తువు అది. టీవీ యూనిట్‌ని ఎవరైనా తింటారా? ఇంటిల్లిపాదీ తినే తిండి ఆనే చెక్క గురించి ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నన్ను అడగలేదు. వంటింటి సామాను కాబట్టి మిగిలిపోయింది పూస్తే చాలనుకున్నారు.

ఆ పప్పు పారబోశాను. బోర్డు బాల్కనీలో పెట్టి గరుకు కాగితంతో రుద్దుతున్నాను, సగం పొర వచ్చింది. సాయంత్రం మళ్లీ ఫోన్ చేస్తాను. ఏం పూశాడో పేరు చెప్పేదాకా చేస్తూనే ఉంటాను.