రోజుకో బ్రూఫెన్ అల్జీమర్స్‌ను ఆపదు

“రోజూ ఒక ఐబూప్రొఫెన్ (బ్రూఫెన్ పేరుతో దొరికే నొప్పి మాత్ర) వేసుకుంటే మతిని మింగే అల్జీమర్స్ జబ్బు దరిచేరదు” అనే మాట ఫోన్లలో తెగ తిరుగుతోంది. 2018లో కెనడా శాస్త్రవేత్త ప్యాట్రిక్ మెక్‌గీర్ బృందం రాసిన వ్యాసంతో దీనికి ఊపొచ్చింది. పెద్దవాళ్లున్న ఇళ్లలో ఇది ప్రమాదకరమైన సలహా.

“జబ్బుకు మూలం మెదడులో వాపే, ఈ మాత్ర వాపును తగ్గిస్తుంది” అంటారు. వాపు ఉండే మాట నిజం. అయితే ఈ మాత్ర అడ్డుకునేది ప్రధానంగా వాపును పుట్టించే రసాయనాలను తయారుచేసే కాక్స్ ఎంజైములను. మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు రెచ్చిపోవడానికి వేరే దారులు చాలా ఉన్నాయి. పైగా ఈ జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్ చెత్తను ఎత్తిపోసేదీ ఆ కణాలే.

“వాడినవాళ్లలో జబ్బు తక్కువని తేలింది కదా?” తేలింది. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో 6,989 మందిని సగటున 6.8 ఏళ్లు గమనించారు. రెండేళ్లకు పైగా ఈ తరహా నొప్పి మాత్రలు వాడినవాళ్లలో ముప్పు ఐదో వంతే కనిపించింది. కానీ అల్జీమర్స్ బయటపడటానికి ఏళ్ల ముందే లోపల మొదలవుతుంది. మతి తగ్గుతున్న మనిషి మోకాళ్ల నొప్పి గురించి డాక్టరుకు చెప్పుకోవడం తగ్గొచ్చు, మాత్రా రాయించుకోకపోవచ్చు. అప్పుడు మాత్ర మానినందుకే జబ్బు వచ్చినట్టు లెక్క తేలుతుంది.

అందుకే మందునూ ఉత్తుత్తి మాత్రనూ లాటరీ పద్ధతిలో పంచి చూడాలి. అమెరికాలో అడాప్ట్ పరీక్ష అలాగే చేసింది. 70 దాటి, దగ్గరి బంధువుల్లో జబ్బున్న 2,528 మందిలో కొందరికి ఐబూప్రొఫెన్ కోవకే చెందిన నాప్రోక్సెన్ 220 మి.గ్రా., కొందరికి సెలికాక్సిబ్ 200 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఇచ్చారు. గుండె ముప్పు భయంతో 2004 డిసెంబరులో మందులు ఆపేశారు. రక్షణ మాత్రం కనిపించలేదు. “ఇంకా ముందే మొదలుపెట్టాలి” అన్నవాళ్లకు మాంట్రియల్‌లో జవాబు దొరికింది. సగటున 63 ఏళ్లున్న 195 మందిపై రెండేళ్ల నాప్రోక్సెన్ పరీక్షలో లాభం లేదు, దుష్ప్రభావాలే ఎక్కువ.

“చిన్న డోసుతో ఏమవుతుంది?” రోజూ వేసుకుంటే చాలా అవుతుంది. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్న నాళాన్ని ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తెరిచి ఉంచుతాయి, ఈ మాత్ర వాటిని తగ్గిస్తుంది. బీపీకి టెల్మిసార్టాన్, నీరు పోయే మాత్ర వాడేవాళ్లు దీన్నీ కలిపితే, అందులోనూ ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గినప్పుడు, కిడ్నీ దెబ్బతిందని చెప్పే క్రియాటినిన్ రక్తంలో అమాంతం పెరగొచ్చు. కిడ్నీ జబ్బు ఇప్పటికే పీడిస్తున్న ఉద్దానం లాంటి చోట్ల ఈ సలహాను ఎవరికీ పంపొద్దు. ఈ మాత్ర వల్ల కడుపులో పుండు పడి నల్లటి విరేచనం అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పికి వాడే కాంబిఫ్లామ్ మాత్రలోనూ 400 మి.గ్రా. ఐబూప్రొఫెన్ ఉంది.

గుండె కోసం డాక్టరు రాసిన ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) మాత్రం మానొద్దు, దాని పని వేరు. ఐబూప్రొఫెన్ ఆ పనికి అడ్డుపడగలదు కాబట్టి రెండూ వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. ఇంట్లో ఎవరికైనా మతిమరుపు మొదలైతే ముందు బీ12, థైరాయిడ్, చెవుడు, షుగర్, బీపీ చూపించండి.