క్యాటమరాన్ బోల్తా పడదా?

"క్యాటమరాన్, అంటే రెండు హల్స్ (నీళ్లలో తేలే బోటు ఒళ్లు) పక్కపక్కన ఉన్న మోటార్ బోటు, బోల్తా పడటం అసాధ్యం. ఊగదు కాబట్టి వాంతులు రావు. లోతు అక్కర్లేదు, భీమిలి దగ్గర ఏట్లోకి నేరుగా దూరిపోవచ్చు. రెండు ఇంజన్లు కాబట్టి నడిసముద్రంలో ఆగిపోయే టెన్షన్ లేదు. అయినా ఇది మన తెప్ప నుంచి పుట్టిందే కదా, తెప్ప ఎప్పుడైనా మునిగిందా?" విశాఖలో బోటు కొందామనుకునేవాళ్ల ఫోన్లలో తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇది.

చివరి మాటతో మొదలుపెడతాను, మిగతా ధీమా అంతా దాని మీదే నిలబడింది కాబట్టి. తెప్ప మునగదు, నిజమే. అది దుంగల కట్ట. మీదికొచ్చిన నీళ్లు సందుల్లోంచి దిగిపోతాయి. కానీ ఒడ్డు కెరటంలో తెప్ప తిరగబడుతుంది. జాలరి దాన్ని సరిచేసుకుని మళ్లీ ఎక్కుతాడు. మునగకపోవడం వేరు, తిరగబడకపోవడం వేరు. ఫైబర్ క్యాటమరాన్‌వి బోలు హల్స్. ఒకదాంట్లోకి నీళ్లు వస్తే అటే ఒరుగుతుంది. తిరగబడితే జనం పట్టి లేపేది కాదు. మునగడం గురించైతే, 1999 నవంబర్ 26న నార్వే తీరంలో స్లైప్నర్ అనే ప్యాసింజర్ క్యాటమరాన్ రాతిని గుద్దుకుని మునిగిపోయింది. 85 మందిలో 16 మంది చనిపోయారు.

ఇక బోల్తా సంగతి. ఇందులో సగం నిజం ఉంది, మెసేజ్ అంత బాగా నమ్మించేది అందుకే. చిన్న లెక్క వేద్దాం. మనుషులతో కలిపి 8 టన్నుల బోటు, ఒక హల్ మధ్య నుంచి రెండో హల్ మధ్యకి 4 మీటర్లు అనుకోండి. ఒక హల్ నీళ్లు వదిలి పైకి లేవాలంటే సుమారు 16 టన్ను-మీటర్ల తోపుడు కావాలి: 8 టన్నులు ఇంటూ సగం దూరం, 2 మీటర్లు. డాల్ఫిన్లు కనిపించాయని 30 మంది ఒక పక్కకి పరిగెత్తారు. మనిషికి 60 కిలోల చొప్పున 1.8 టన్నులు, ఒకటిన్నర మీటర్లు జరిగాయి. వచ్చేది 2.7, అంటే ఆరో వంతు. అదే పని ఇరుకైన మామూలు బోటులో చేస్తే కేకలు వినిపిస్తాయి. తెరచాప కూడా లేదు కాబట్టి గాలి ఒక్కటే దీన్ని పడెయ్యడం అరుదు.

కానీ ఆ 16 దాని గరిష్ఠ బలం. చాలా క్యాటమరాన్లలో అది 10, 15 డిగ్రీలు ఒరిగేసరికే వచ్చేస్తుంది. ఆ తర్వాత ఒరిగినకొద్దీ నిలబెట్టే బలం తగ్గుతూ పోతుంది. అడుగున బరువు కట్టిన తెరచాప పడవ ఇందుకు పూర్తిగా ఎదురు: చిన్న గాలికే ఒరుగుతుంది, ఒరిగినకొద్దీ మొండికేస్తుంది. క్యాటమరాన్ చివరిదాకా ఏమీ చెప్పదు. ఒకసారి తలకిందులైతే అలాగే స్థిరంగా ఉండిపోతుంది. (అడుగున బరువు లేని ఒంటి హల్ మోటార్ బోట్లు కూడా చాలావరకు వాటంతట అవి లేవవు. ఆ గొప్ప వాటికీ ఇవ్వక్కర్లేదు.)

అంత తోపుడు ఇచ్చేది ఏది? పక్క నుంచి తెల్లగా విరుచుకుపడే కెరటం. అందుకే భీమిలి సలహా చదివి నాకు కోపం వచ్చింది. అక్కడ గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలు వేస్తాయి, జాగా మారుతుంటాయి. బయట నున్నగా కనిపించే పొంగు (దూరం నుంచి వచ్చే కెరటం) అక్కడికొచ్చి నిలువునా లేచి విరుగుతుంది. తక్కువ లోతు చాలన్నది మంచి గుణమే, కానీ రెండు కెరటాల నడుమ పల్లంలో ఉన్న కాస్త లోతూ తగ్గిపోతుంది. ఒక హల్ ఇసుకకి ఆని ఆగింది, రెండోది ఇంకా కదులుతోంది. బోటు అడ్డం తిరుగుతుంది. వెనకొచ్చే కెరటం సరిగ్గా పక్కకి తగులుతుంది.

భీమిలి దాకా వెళ్లడం కూడా అన్ని నెలల్లో ఒకటి కాదు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పొంగు ఎక్కువగా దక్షిణ, నైరుతి దిక్కుల నుంచే వస్తుంది. అంటే విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి భీమిలి వెళ్లేటప్పుడు వెనక కెరటం. హాయిగా అనిపిస్తుంది, ప్రమాదం అందులోనే. వేగంగా కెరటం దిగితే సన్నటి ముక్కులు రెండూ ముందున్న నీళ్లలో గుచ్చుకుంటాయి, బోటు ఒక్కసారిగా ఆగి పక్కకి లాగుతుంది. సరంగు వేగం తగ్గించి కెరటం వీపు మీదే ఉండాలి. తిరుగు దారిలో ఎదురు కెరటం: రెండు హల్స్‌ని కలిపే డెక్ అడుగున నీళ్లు దబదబా బాదుతాయి. ఎక్కువ మందిని ఎక్కిస్తే ఈ బాదుడు ఇంకా పెరుగుతుంది. 11 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్న హల్స్ అయితే అదనపు టన్నుకి సుమారు 6 సెంటీమీటర్లు దిగబడతాయి. 3 టన్నులకి 18. డెక్ కింద ఖాళీ 60 సెంటీమీటర్లే ఉంటే, దాదాపు మూడో వంతు పోయినట్టే.

వాంతుల సంగతి. లంగరు వేసి నిలబడితే క్యాటమరాన్ నిజంగా సుఖం. నడుస్తున్నప్పుడు పక్క కెరటానికి ఊపు తక్కువే, కానీ త్వరత్వరగా, కుదుపుగా వస్తుంది. డాల్ఫిన్స్ నోస్ కింద కొండకి కొట్టి తిరిగొచ్చే కెరటాల్లో అది బాగా తెలుస్తుంది. కడుపు తిప్పేది ముఖ్యంగా అయిదారు సెకన్లకోసారి పైకీ కిందకీ లేపి దించే కదలిక. కెరటంతో పాటు లేవడం ఏ బోటుకైనా తప్పదు.

రెండు ఇంజన్లు దూరంగా ఉండటం జెట్టీ దగ్గర వరం. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి వేస్తే ఉన్నచోటే తిరుగుతుంది. సముద్రంలో ఒకటి ఆగితే మాత్రం బోటు ఒక పక్కకే లాగుతుంది, ఎత్తయిన క్యాబిన్‌కి గాలి తోడైతే తిప్పడం కష్టం. రెండింటికీ ఒకే ట్యాంకు డీజిల్ పోసి, అందులో నీళ్లు కలిస్తే రెండూ ఆగుతాయి.

కొనేముందు హల్స్ లెక్కపెట్టడం కాదు, బోటుకి బిగించిన ప్లేటు చదవండి. యూరప్ ప్రమాణాల ప్రకారం తయారైన బోటు మీద ఎంత గాలికి, ఎంత కెరటానికి తయారైందో చెప్పే ఎ, బి, సి, డి అనే తరగతి ఉంటుంది. గరిష్ఠంగా ఎంతమంది, ఎంత బరువు అన్నదీ రాసి ఉంటుంది. సి అంటే గాలి వేగాన్ని చెప్పే బ్యూఫోర్ట్ కొలతలో 6వ నంబరు గాలి, 2 మీటర్ల కెరటం దాకా. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే కెరటాల అంచనాని దాంతో పోల్చుకోండి. ఆ 2 మీటర్లు మొత్తం కెరటాల్లో అన్నిటికంటే పెద్దవైన మూడో వంతు కెరటాల సగటు ఎత్తు మాత్రమే. అదే సముద్రంలో అప్పుడప్పుడు మూడున్నర మీటర్లదీ లేస్తుంది.